శాసనసభ్యుని చిట్టా

గుంటూరు మిరపయార్డునకు టిక్కీలు వేసికొని వచ్చిన రైతు, సరకు కాటా దిగినంతనే కమీషను కొట్టు గుమాస్తా యెదుట నిలిచి చిట్టా చూపుమని యడుగును. ధర యెంత వ్రాసితివి, తరుగెంత తీసితివి, ముఠా కూలి యెంత, కమీషనెంత అని అంకె అంకెకు వ్రేలు పెట్టి చదివించుకొనును. తనకు చదువు రానిచో ప్రక్కవానిచేత చదివించుకొనును. ఇందు గుమాస్తాకు అవమానము లేదు, రైతునకు మొగమోటము లేదు. ఒకరి సొత్తు వేరొకరి చేతిమీదుగా నడచునప్పుడు లెక్క చూపుట మర్యాదయని యార్డులో అందరు నెరిగినదే. ఇంతటి సామాన్యమైన మర్యాద మన శాసనసభలలోను పార్లమెంటులోను నెలకొనలేదు. పన్ను వేయువాడు, సుంకము తీయువాడు, కంట్రాక్టులకు దారి వేయువాడు తన సొంతమునకు ఏ కంపెనీ వాటాలు ఏనాడు కొనెనో, ఏనాడు అమ్మెనో చెప్పవలెనను నియమము మనకు లేదు.

ఈ చింత క్రొత్తది కాదు, గుంటూరునకు పరాయిదియు కాదు. 1948 జనవరి 12వ తేదీన మహాత్ముడు ఢిల్లీలో తన కడపటి నిరశనవ్రతమును ప్రకటించిన ప్రసంగములోనే, ఆంధ్రదేశమునుండి తనకు వచ్చిన ఒక యుత్తరమును ప్రస్తావించిరి. వ్రాసినవారు దేశభక్త కొండా వెంకటప్పయ్యగారు. శాసనసభ్యులు కొందఱు పలుకుబడిని రూకలుగా మార్చుకొనుచున్నారనియు, న్యాయస్థానముల వ్యవహారములలో సైతము చేయి పెట్టుచున్నారనియు ఎనుబదియేండ్లు దాటిన ఆ వృద్ధుడు వాపోయెను. స్వరాజ్యము వచ్చి అప్పటికి ఐదు మాసములైనను నిండలేదు. తాను జైళ్లకు పోయి తెచ్చిన స్వరాజ్యమునందే, తన పక్షమువారినిగూర్చియే, ఆయన అట్లు వ్రాయవలసి వచ్చినది.

ఆ కాలమున పలుకుబడి అమ్ముడుపోయినది పర్మిట్టుల రూపమున, లైసెన్సుల రూపమున, సిఫారసు చీటీల రూపమున. వాటికి సాక్షులుండెడివారు. చీటీ పుచ్చుకొన్నవాడైన ఎప్పుడో యొకప్పుడు నోరు జారెడివాడు. నేడు డీమ్యాటు ఖాతాలో జరుగు క్రయవిక్రయమునకు సాక్షియెవడు? చేతిలోని ఫోనుమీద ఒక్క వ్రేటుతో పదిలక్షల వాటాలు ఒక పేరునుండి మరియొక పేరునకు పోవును. లంచమిచ్చినవాడు లేడు, పుచ్చుకొన్నవాడు లేడు. ముందుగా తెలిసినవాడు, తెలియనివాడు అను ఇద్దరే యుందురు.

ముందుగా తెలియుట యనగా నేమో నల్లరేగడి రైతునకు చెప్పనక్కరలేదు. విదేశపు ప్రత్తిపై 2021 బడ్జెటు మొదలు నూటికి 11 వంతుల దిగుమతి సుంకముండెను. 2022లో కొన్ని నెలలు దానిని ఆపి మరల విధించిరి. 2025 ఆగస్టు 18వ తేదీన కేంద్ర ప్రభుత్వము ఆ సుంకమును తొలగించుచు ప్రకటన వెలువరించినది, అమలు మరునాటినుండియే. మొదట సెప్టెంబరు 30 వరకే యనిరి. పదునైదు దినములు తిరుగకమునుపే డిసెంబరు 31 వరకు పొడిగించిరి. అనగా గుంటూరు, పల్నాడు, ప్రకాశము పొలములలో తీత మొదలయి పత్తి మిల్లులకు చేరవలసిన దినములన్నియు సుంకము లేని విదేశపు ప్రత్తితో పోటీపడవలసిన దినములే యైనవి. ఆగస్టు 19న బొంబాయి స్టాకు మార్కెట్టులో నూలుమిల్లుల, బట్టలమిల్లుల వాటాలు పైకెగసినవి. ఒక్క కాగితము రైతు గుండెను జార్చినది, మిల్లు వాటాను లేపినది.

ఆ సుంకము తీయుట మంచిదా చెడ్డదా యను చర్చ వేఱు. అమెరికా విధించిన సుంకములచే మన బట్టల వ్యాపారము చిక్కులలో బడినదని ప్రభుత్వము వారికొక వాదమున్నది. మేమడుగునది చిన్న ప్రశ్న. ఆ కాగితముపై సిరా ఆరకముందే దాని సంగతి ఎందరికి తెలిసియుండును? వారిలో ఎవరికైన, ఎవరి యింటివారికైన మిల్లు వాటాలు ఉండెనా? ఎవరో అట్లు లాభించిరని మేము నింద వేయుట లేదు. నింద వేయుటకుగాని, నిరపరాధులని తేల్చుటకుగాని ప్రజలకు మార్గమే లేకుండుట మా ఫిర్యాదు. నిజాయితీపరుడైన సభ్యునికి సైతము తన నిజాయితీని చూపుకొను పత్రము లేదు.

అధికారుల సంగతి చూడుడు. కలెక్టరు మొదలగు అఖిలభారత సర్వీసుల ఉద్యోగులు వాటాలలో జూదపు వ్యాపారము చేయరాదని వారి ప్రవర్తన నియమములే చెప్పుచున్నవి. మాటిమాటికి కొనుట, అమ్ముట జూదముగానే యెంచబడును. ఒక సంవత్సరములో వారి వాటాల వ్యవహారములన్నియు కలిపి ఆరు నెలల మూలవేతనమును మించినయెడల ప్రభుత్వమునకు తెలుపవలెనని 2023 మార్చిలో ఉత్తరువైనది. కేంద్ర కార్యాలయములో పనిచేయు గుమాస్తాకును ఇట్టి కట్టుబాటు కలదు. ఆ కలెక్టరును ఆజ్ఞాపించు శాసనకర్తకు మాత్రము కట్టుబాటు లేదు. కావలివానికి గొలుసు, కామందునకు స్వేచ్ఛ!

అభ్యర్థులు అఫిడవిట్టులు వేయుచున్నారు గదా యని కొందఱందురు. వేయుచున్నారు. అదియు పార్టీలు సంతోషముతో నిచ్చినది కాదు. 2002 మే 2న సుప్రీంకోర్టు ప్రజాస్వామ్య సంస్కరణల సంఘమువారి వ్యాజ్యములో తీర్పు చెప్పగా, పార్లమెంటు దానిని నీరుగార్చు శాసనము చేసినది. ఆ శాసనమును 2003 మార్చిలో కోర్టు మరల కొట్టివేసినది. అట్లు రెండుమార్లు పోరాడగా ఓటరునకు ఆ కాగితము దక్కినది. దానిలో వాటాలు, బాండ్లు, భార్యాభర్తల ఆస్తి, ఆధారపడినవారి ఆస్తి, కడచిన అయిదేండ్ల ఆదాయపు లెక్క వ్రాయవలెను. దాని విలువను మేము తగ్గించి చెప్పము. అయినను అది ఛాయాచిత్రము వంటిది. నామినేషను వేసిన దినమున ఇంటిలో నేమున్నదో చూపును. మరునాటినుండి అయిదేండ్లపాటు తలుపు మూతపడును. ఏప్రిలులో వంద వాటాలు, మరియొక ఏప్రిలులో వందవాటాలు కనబడినచో, నడుమ వేయిమార్లు కొనెనో అమ్మెనో ఎవరికి తెలియును?

మన జిల్లాయే ఈ విషయమున దేశమునకు ఉదాహరణముగా నున్నది. 2024 లోకసభ యెన్నికలలో దేశమంతట నిలిచిన అభ్యర్థులలో అందరికంటె ధనవంతుడు మన గుంటూరు అభ్యర్థి పెమ్మసాని చంద్రశేఖరుగారే. తెనాలి చెంతనున్న బుర్రిపాలెమువారు. వైద్యవిద్య చదివి అమెరికాకు పోయి, పరీక్షలకు చదువుకొను విద్యార్థులకు పాఠములమ్ము యూవరల్డు సంస్థను స్థాపించి ధనమార్జించినవారు. వారి కుటుంబపు ఆస్తి 5,700 కోట్ల రూపాయలకు మించినట్లు అఫిడవిట్టులోనే చూపిరి. గెలిచిరి, కేంద్రములో సహాయమంత్రి అయిరి. దాచక చూపినందుకు మెచ్చుకొనవలసినదే. ధనికుడగుట దోషమని వాదించువారితో మేము చేరము. కాని మంత్రిగానుండు కాలమున అంతటి సంపద ఏ దిక్కునకు కదలుచున్నదో తెలిసికొనుట ఓటరుల కుతూహలము కాదు, హక్కు. మంత్రులు ఏటేట ఆస్తుల వివరమును ప్రధానమంత్రికి సమర్పించవలెనను ప్రవర్తన నియమావళి యున్నది, ఆ వివరములు వెలువడుచున్నవి కూడ. అది సంవత్సరమునకొక్క ఛాయాచిత్రము. అయిదేండ్లకొకటికంటె మేలు, అంతే.

రెండవ యుదాహరణము మంగళగిరి. 2024లో అచ్చట తొంబదివేలకు మించిన ఆధిక్యముతో గెలిచి రాష్ట్రమంత్రి అయిన నారా లోకేశుగారికి హెరిటేజ్ ఫుడ్సు కంపెనీలో నూటికి పది వంతులకు మించిన వాటా యున్నది. వారి తల్లిగారికి ఇరువదినాలుగు వంతుల చిల్లర. 1992లో నారా చంద్రబాబునాయుడుగారు నెలకొల్పిన కంపెనీ యది. 2024 జూన్ 3వ తేదీన 424 రూపాయల చెంతనున్న ఆ వాటా, మరునాడు ఓట్ల లెక్కింపు ముగిసిన పిమ్మట, ఆ వారము ముగియకముందే 660 దాటినది. తరువాతి నెలలలో దిగినది కూడ. ఇందు ఆ కుటుంబము చేసిన దోషమేదియు మాకు కానరాదు. వారు కొనలేదు, అమ్మలేదు. ఓటరులు ఓటువేసిరి, మార్కెట్టు వెలకట్టినది. అయినను ఆ వెలలోని అర్థమును గమనింపుడు. పాలు, పెరుగు అమ్ము కంపెనీ అయిదు దినములలో ఎక్కువ పాలు పితుకలేదు. యజమానులు అధికారమునకు వచ్చిరను మాటకే బజారు ఆ వెల కట్టినది. అధికారమునకును వాటాకును సంబంధమున్నదని బజారు నమ్మినప్పుడు, లేదని మనము కన్నులు మూసికొనుట యేల?

ఆ కుటుంబము 2011 మొదలు కొన్నియేండ్లు తమ ఆస్తులను తమంతట తామే ఏటేట ప్రకటించిరి. అందు వాటాలకు కొన్ననాటి వెలయే చూపెడివారని ఆక్షేపణ వచ్చినది, ఆక్షేపణ న్యాయమే. అయినను శాసనము బలవంతపెట్టనిదే చేసిరిగదా! తక్కినవారెందరు చేసిరి? ఎదుటి పక్షము నాయకుని కంపెనీలలో ఇతరులు పెట్టిన పెట్టుబడులనుగూర్చి కేంద్ర పరిశోధక సంస్థ 2012 మొదలు అభియోగపత్రములు వేసినది. అభియోగము తీర్పు కాదు. ఒకరు ఉండవల్లిలోను మరియొకరు తాడేపల్లిలోను మన జిల్లాలోనే కాపురముండి, ఒకరి వ్యాపారమునుగూర్చి మరియొకరు గొంతులు చించుకొనుచున్నారు. ఇద్దరి లెక్కలును నిత్యము బయలనున్నచో ఈ గొంతులకు సగము పని తప్పెడిది.

హెరిటేజ్ వాటాల సంగతి మనకెట్లు తెలిసినది? శాసనసభ చెప్పగా కాదు. కంపెనీ స్థాపకుల వాటాలను మూడు నెలలకొకసారి ఎక్స్ఛేంజికి తెలుపవలెను; వారు మూడు నెలలలో పదిలక్షలకు మించి కొన్నను అమ్మినను రెండు వ్యాపారదినములలో ప్రకటించవలెను. ఇది సెబీ నియమము. నూటికి ఒకవంతు కలిగిన సామాన్య వాటాదారు పేరును వెల్లడియగును. లోకేశుగారు స్థాపకుల కుటుంబమువారు గనుక కనబడుచున్నారు. శాసనసభ్యుడు గనుక కాదు. తనది కాని కంపెనీలో అయిదుకోట్ల వాటాలు కొని, పదిదినములలో అమ్మివేయు సభ్యుడు ఎవరికంటను పడడు. అనుమానింపవలసినది మొదటివానినికంటె రెండవవానినే.

అంతరంగిక సమాచారముతో వ్యాపారము చేయరాదని సెబీ శాసించినదిగదా, అది చాలదా? ఆ శాసనపు ఎల్ల ఎక్కడనో మన జిల్లావారు ఖర్చుపెట్టి నేర్చుకొనిరి. రాజధాని తుళ్లూరు ప్రాంతమునకు వచ్చునని 2014లో ముందుగా తెలిసినవారు భూములు కొనిరని తరువాతి ప్రభుత్వము నేరముమోపగా, 2021 జనవరి 19న రాష్ట్ర హైకోర్టు ఆ కేసులను కొట్టివేసినది. వాటాల వ్యాపారమునకు పుట్టిన ఆ భావన భూముల క్రయవిక్రయమునకు చెల్లదనియు, కొనువాడు తనకు తెలిసిన సంగతి అమ్మువానికి చెప్పి తీరవలెనను విధి లేదనియు తీర్పు చెప్పినది. అదే యేడు జులై 19న సుప్రీంకోర్టు దానిని నిలిపినది. తీర్పును శిరసావహింతము. కాని ఆ ఇరువదితొమ్మిది గ్రామములలో ముందుగా అమ్ముకొన్న చిన్నరైతు ప్రశ్న తీర్పుతో తీరలేదు. క్రిమినలు కోర్టు నేరముండెనా యని మాత్రమే చూడగలదు. ఎవరు కొనిరి, ఎప్పుడు కొనిరి, వారికి అధికారముతో చుట్టరికమేమి యనునవి ఏడేండ్లకు కోర్టులో కాదు, ముప్పది దినములలో రిజిస్టరులో తేలవలసిన విషయములు.

ఆ రిజిస్టరు పార్లమెంటులో లేదా యందురేమో. లోకసభ సభ్యుడు ప్రమాణము చేసిన 90 దినములలో తన ఆస్తి అప్పుల వివరము స్పీకరునకు ఇయ్యవలెనని ప్రజాప్రాతినిధ్య చట్టములోని 75ఏ విభాగము చెప్పుచున్నది. 2004లో చేసిన నియమముల ప్రకారము ఆ రిజిస్టరు రహస్యము. స్పీకరు వ్రాతపూర్వకమైన అనుమతి లేనిదే ఎవరును చూడరాదు. ఊరందరి లెక్క చూచువాని లెక్కను పెట్టెలో పెట్టి తాళము వేసిరి! రాజ్యసభ కొంత మేలు. అచ్చట సభ్యుల ప్రయోజనముల రిజిస్టరు కలదు. కాని వాటాలలో అది యడుగునది కంపెనీని శాసింపగల పెద్దవాటానుగూర్చి మాత్రమే. ఇక ఓటువేయునప్పుడు సభ్యునికి సొంతలాభమున్నదని అభ్యంతరము చెప్పవచ్చునని లోకసభ 371వ నియమము. ఆ లాభము ప్రత్యేకముగా ఆ సభ్యునిదే కావలెను, రాజ్యవిధానమునకు సంబంధించినది కారాదు. ప్రత్తి సుంకము రాజ్యవిధానము. కాబట్టి మిల్లు వాటాలున్న సభ్యుడు నిశ్చింతగా చేయి యెత్తవచ్చును.

ఎప్పుడును ఇట్లే యుండెనా? 1951లో బొంబాయి బులియను వర్తకులవద్ద ధనము పుచ్చుకొని సభలో వారి పని చేయుచున్నాడని ముద్గలు అను సభ్యునిపై విచారణ జరిపించినది స్వయముగా నెహ్రూ, ఆయన స్వపక్షమువాడే. బహిష్కరణ తీర్మానము వచ్చునని తెలిసి ముద్గలు రాజీనామా చేసెను. 1957లో జీవితబీమా సంస్థ ముంద్రా కంపెనీల వాటాలను కోటి పాతిక లక్షలకు కొన్నవైనమును సభలో బయటపెట్టినది ప్రధానమంత్రి అల్లుడు ఫిరోజు గాంధి. చాగ్లా విచారణ బహిరంగముగా జరిగినది. ఆర్థికమంత్రి కృష్ణమాచారి 1958లో పదవి వీడిరి. మంచి సంప్రదాయము మనకు లేకపోలేదు. వ్యక్తుల మీద ఆధారపడిన సంప్రదాయము వ్యక్తులతో పోయినది, నియమము మిగులలేదు.

ఇతర దేశములవారు దేవతలు కారు. ఇంగ్లాండులో 1912లో లాయిడ్ జార్జి, రూఫస్ ఐజాక్సు మార్కోని వాటాలు కొని యపకీర్తి పాలైరి. అయినను 1970 దశకము మధ్యనుండి కామన్సు సభవారు బహిరంగమైన రిజిస్టరు నిర్వహించుచున్నారు. అమెరికాలో 2012 ఏప్రిలున చేసిన శాసనము ప్రకారము, సభ్యుడుగాని భార్యగాని భర్తగాని వేయి డాలర్లకు మించిన వాటాలు కొన్నను అమ్మినను 45 దినములలోపల ప్రకటింపవలెను. ఆ ప్రకటనలను సామాన్యులు చదివి పట్టికలు కట్టుచున్నారు. నాన్సీ పెలోసీ పేరును తలపించునట్లు పేరుపెట్టి, ఆమె పక్షపు సభ్యులు కొన్న వాటాలనే కొను పెట్టుబడి నిధిని 2023లో మార్కెట్టులో పెట్టిరి! వారికంటె ముందుగా తెలిసినవారు లేరని జనుల యెత్తిపొడుపు. ఆ శాసనమునకు దంతములు లేవు. ఆలస్యమైనచో జరిమానా 200 డాలర్లు. 2020లో కోవిడు భయమునకు ముందే వాటాలమ్మిన సెనేటరు బర్రుపై విచారణ జరిగి అభియోగము లేకయే ముగిసినది. శిక్ష పడకపోయినను తేదీ మాత్రము ప్రజలకు తెలిసినది: ఫిబ్రవరి 13. మనకు ఆ తేదీయే తెలియదు.

వ్యాపారస్థులు ఇట్లయినచో రాజకీయములకు రారని భయపెట్టువారున్నారు. గుంటూరుసీమలో పొగాకు, పత్తి, మిరప వ్యాపారుల సొమ్ము లేక ఏ సభయైన జరిగినదా? వ్యాపారి రావచ్చును, రావలెను కూడ. 2014 మొదలు పదియేండ్లు గుంటూరునకు ప్రాతినిధ్యము వహించిన గల్లా జయదేవుగారు బ్యాటరీల కంపెనీ యజమానియని అందరు నెరిగి గెలిపించిరి. 2024 జనవరిలో వ్యాపారమును రాజకీయమును రెంటిని మోయుట సాధ్యము కాదని తప్పుకొనిరి. బహిరంగమైన వ్యాపారమును ఓటరు ఎన్నడును శిక్షింపలేదు. ఇక కుటుంబపు గోప్యత మాట. 2025 మేలో సుప్రీంకోర్టు న్యాయమూర్తులు తమ ఆస్తుల వివరములను కోర్టు వెబ్సైటుమీద పెట్టిరి. వారికి కుటుంబములు లేవా?

సభ్యుల ఆస్తి అసహజముగా పెరిగినచో కనిపెట్టు శాశ్వత యంత్రాంగము నేర్పరచుమని 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు చెప్పినది. ఏర్పరచలేదని వ్యాజ్యము వేసిన లోక్ ప్రహరి సంస్థయే మరుసటి యేడు మరల కోర్టు తలుపు తట్టవలసి వచ్చినది. ఢిల్లీ కదలువరకు అమరావతి కూర్చుండనక్కరలేదు. కర్ణాటకములో శాసనసభ్యులు ఏటేట లోకాయుక్తకు ఆస్తుల లెక్క ఇయ్యవలెనని 1984 నాటి చట్టమే యున్నది. మన శాసనసభ తన నియమావళిని తాను సవరించుకొనవచ్చును. సభ్యుడుగాని, భార్యగాని భర్తగాని, ఆధారపడిన పిల్లలుగాని లక్ష రూపాయలకు మించి వాటాలు, భూములు కొన్నను అమ్మినను ముప్పది దినములలో రిజిస్టరులో వ్రాయవలెను. రిజిస్టరు తాళము లేని బల్లమీద నుండవలెను. మంత్రులకు పదవిలో నుండగా కొనుగోళ్లే నిషేధింపవలెను. ఆలస్యమునకు జరిమానా అమెరికావారివలె వెక్కిరింతగా నుండరాదు. ఆ వ్యవహారపు లాభమంతయు ఖజానాకు చేరవలెను.

అంతవరకు పఠనమందిరములు చేయదగిన పని యొకటి యున్నది. 2019, 2024 అఫిడవిట్టులు రెండును ఎన్నికల సంఘమువారి వెబ్సైటులో ఉచితముగా దొరకును. ఒక్కొక్క నియోజకవర్గమునకు నలువది యేబది పుటలు. అచ్చువేసి, రెంటిని ప్రక్కప్రక్కన కుట్టి, వాటాల పట్టిక యున్న పుటకు గుర్తుపెట్టి, దినపత్రికల బల్లమీద నుంచవచ్చును. వేటపాలెము సారస్వత నికేతనమువంటి గ్రంథాలయములు నూరేండ్ల నాటి పత్రికలను చెదలు పట్టకుండ కాపాడుకొనుచున్నవి; ఈ నాలుగు పుటలు వారికి భారము కాదు. వచ్చినవారు చదివి, తమ సభ్యునికి ఒక పోస్టుకార్డు వ్రాయుదురుగాక: అయ్యా, 2024 ఏప్రిలున మీ పేర ఉన్న ఈ వాటాలు నేడున్నవా, అమ్మితిరా, అమ్మినచో ఏ తేదీన?